ఓడలు రాని పాత రేవుల్లో ఫొటోలు: బందరు, భీమిలి, కోరంగి. మీరైతే ఏం తీస్తారు?

రేవులవెంట (విజయవాడ):

అందరికీ నమస్కారం. పాత రేవు పట్టణాల్లో ఫొటోలు తీయడం నాకు పిచ్చి. సెలవు దొరికితే చాలు, కెమెరా సంచి భుజాన వేసుకుని బస్సెక్కేస్తాను. విజయవాడ నుంచి బందరు (మచిలీపట్నం) 70 కిలోమీటర్లే కాబట్టి ఎక్కువగా అక్కడికే పోతుంటాను. చెప్పగానే ఎవరో ఒకరు అంటారు: "బందర్లో ఏముందండీ తీయడానికి? హాయిగా గోవా వెళ్లండి, కొచ్చి వెళ్లండి."

ఆ మాట మీదే ఈ చర్చ పెడుతున్నాను. గోల్కొండ సుల్తానుల కాలంలో వాళ్ల రాజ్యానికి పెద్ద రేవు బందరే. 1605లో డచ్చివాళ్లు వచ్చారు. 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. 1750లో ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది, 1759లో మళ్లీ ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు. వజ్రాల వర్తకుడు టావెర్నియర్ 1652లో ఓడ దిగింది ఇక్కడే. పెగూకి (బర్మా), సయాంకి (థాయ్‌లాండ్) సరుకుతో, మక్కాకి యాత్రికులతో ఇక్కడి నుంచి ఓడలు కదిలేవి. ఇవాళ బందరు కోట దగ్గర నిలబడితే పాత గోడలు, కమానులు, వాటి మీద మొలిచిన చెట్లు. సముద్రం కంటికి ఆనదు.

నాకనిపించేది ఇదీ. రేవు ఊళ్లో మనం సముద్రాన్ని తీస్తున్నాం, రేవును తీయడం లేదు. సూర్యోదయం, పడవ, అల: ఈ మూడూ ఏ తీరంలోనైనా దొరుకుతాయి. ఏ సరుకు ఎటు పోయింది, ఎవరు మోశారు, ఎవరొచ్చి ఇక్కడే మట్టిలో కలిసిపోయారు, ఆ పని ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉంది? ఫొటోలో కనబడాల్సింది అది. మీరు వెళ్లిన రేవుల్లో దీన్ని ఎలా పట్టుకున్నారో వివరంగా రాయండి.

బందరుకుర్రోడు:

అన్నా, మా ఊరి గురించి ఇంత ప్రేమగా రాసినందుకు చాలా సంతోషం. ఒక్క మాట మాత్రం సవరించాలి. బందరు చచ్చిపోయిన రేవు కాదు. తెల్లారకముందే గిలకలదిండి వెళ్లండి. మరబోట్లు వస్తుంటాయి. ఐసు పెట్టెలు, తక్కెళ్లు, వేలంపాట కేకలు. ఎవరి తొందరలో వాళ్లుంటారు, మనల్ని పట్టించుకోరు. ఎనిమిది దాటితే అంతా సర్దేసి ఉంటుంది. మంగినపూడి వైపు కొత్త పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి. అది పూర్తయ్యేలోపు ఆ తీరాన్ని ఇప్పుడున్నట్టుగా తీసిపెట్టుకోవాలి. తర్వాత కావాలన్నా దొరకదు.

ఇంకో సంగతి. మా ఊరి చరిత్ర తీసేవాళ్లు 1864ను వదలకూడదు. ఆ ఏడాది నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. పాత కట్టడాలు ఇంత తక్కువ మిగలడానికి అదొక పెద్ద కారణం. ఖాళీ జాగా కూడా ఇక్కడ చరిత్రే అన్నా. దాన్ని ఖాళీగానే తీయండి, పక్కనున్న గోడ వైపు కెమెరా తిప్పేయకండి.

కాంతిరేఖ (రాజమండ్రి):

బందరు డచ్చి సమాధుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నాకు ఇష్టమైన పని అదే.

ఆ రాళ్ల మీద అక్షరాలు, వంశ చిహ్నాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉంటాయి. చాలామంది పదకొండింటికి వెళ్లి, పడుకోబెట్టిన రాయి మీద నిలబడి కిందికి తీస్తారు. నడినెత్తిన ఎండ. అక్షరానికి నీడ ఉండదు, రాయంతా ఒకే బూడిద రంగులో వస్తుంది. పడుకుని ఉన్న రాయికి పొద్దున్నే, లేదా సాయంత్రం పొద్దు వాలే ముందు వెళ్లాలి. వెలుగు రాయిని రాసుకుంటూ పోతుంది, ప్రతి అక్షరం పక్కనా సన్నటి నీడ పడుతుంది. నిలబెట్టిన రాయికి లెక్క తిరగబడుతుంది. దానికి మధ్యాహ్నమే మేలు. ఎండ పైనుంచి ఆ ముఖాన్ని రాసుకుంటూ దిగే ఓ పావుగంట ఉంటుంది, దానికోసం కాచుకోవాలి. రాయి ఏ దిక్కుకు తిరిగి ఉందో ముందే చూసుకుంటే ఆ సమయం అంచనా దొరుకుతుంది.

అక్షరం కనబడటం లేదని సుద్ద, పిండి, పసుపు రాసేవాళ్లను చూశాను. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. సన్నటి చెక్కడంలో ఇరుక్కున్న పొడి తడి తగిలి గట్టిపడుతుంది, దాన్ని తోమితే రాయి అరుగుతుంది. ఒక చిన్న టార్చ్ పక్కనుంచి పట్టుకుంటే సుద్ద చేసే పనంతా అదే చేస్తుంది.

పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్ల చేతిలో పట్టుకుని తీసుకోవడానికి ఇబ్బంది ఉండదు. ట్రైపాడ్ కావాలంటే ముందుగా అనుమతి తీసుకోండి.

చిన్నలెన్స్:

నా దగ్గర మొబైల్ తప్ప ఏమీ లేదు. ఇలాంటి ఊళ్లకు వెళ్తే ఉపయోగం ఉంటుందా?

కాంతిరేఖ (రాజమండ్రి):

బ్రహ్మాండంగా ఉంటుంది. గోడలు, గుమ్మాలు తీసేటప్పుడు ఫోన్ పైకెత్తి వంచకండి, నిలువు గీతలన్నీ లోపలికి ఒరిగిపోతాయి. వెనక్కి నడవండి, ఫోన్ నిటారుగా పట్టుకోండి, పైన మిగిలిన ఖాళీని తర్వాత కత్తిరించుకోవచ్చు. సందు ఇరుకైతే కట్టడం మొత్తం పట్టించాలని చూడకండి, ఒక కిటికీ చాలు. లెన్స్ మీద ఉప్పు తేమ పేరుకుంటుంది, గంటకోసారి తుడవండి. ఫొటో మసకగా ఉందని చాలామంది ఎడిటింగ్‌లో కొట్టుకుంటారు కానీ, ముప్పాతిక వంతు ఆ ఉప్పు పొరే.

పెడనఅచ్చు:

నేను ఫొటోగ్రాఫర్‌ని కాదు. మాది పెడన, ఇంట్లో తరాలుగా కలంకారీ అద్దకం పని. ఎవరో లింకు పంపితే చదివాను. రేవులవెంట గారూ, ఏ సరుకు ఎటు పోయిందని అడిగారు కదా. ఆ ఓడల్లో పోయిన ముఖ్యమైన సరుకు మా బట్టే. బందరు వెళ్లేవాళ్లు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊరు చూడకుండా వెళ్లిపోతుంటే బాధగా ఉంటుంది.

వచ్చేవాళ్లలో కూడా చాలామంది చేసేది ఒకటే. అచ్చు చేతికిచ్చి "ఇలా కొట్టినట్టు పెట్టండి, ఇటు చూసి నవ్వండి" అంటారు. ఫొటో తీసుకుని పోతారు. పని ఏమిటో ఆ ఫొటోలో ఉండదు.

పని ఎలా జరుగుతుందో చెబుతాను, ఏది తీయాలో మీకే తెలుస్తుంది. ముందు బట్టను ఉతికి, కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తాం. బట్ట లేత పసుపు రంగుకు తిరుగుతుంది. నలుపు కోసం ఇనుప తుప్పు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతాం. ఆ నీళ్లు చూడటానికి నల్లగా ఏమీ ఉండవు. అచ్చు కరక్కాయ బట్ట మీద పడ్డాక అప్పటికప్పుడు నల్లబడుతుంది. అచ్చు ఎత్తిన చేయి పక్కకు జరిగేలోపు రంగు మారిపోతుంది. ఆ క్షణం తీసినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. ఎరుపు అలా కాదు. పటికతో అద్దిన చోట ముందు పెద్దగా ఏమీ కనబడదు. రాగి కాగులో వేర్లూ చెక్కలూ వేసి బట్టను ఉడికిస్తే అప్పుడు ఎరుపు పైకి తేలుతుంది. కాగు దగ్గర ఆవిరి, పొగ, కర్రలతో బట్టను తిప్పే మనుషులు. ఆ తర్వాత పారే నీళ్లలో జాడించడం. కాలవలో నీళ్లుంటేనే ఆ పని సాగుతుంది, లేకపోతే ఆగిపోతుంది. ఆ సంగతి కూడా రాయండి.

అచ్చులు టేకు చెక్కవి. అరిగిపోయిన పాత అచ్చుల్ని మేము పారేయం. అటక మీద బుట్టలో ఉంటాయి. అడిగితే చూపిస్తాం. వాటి అంచులు పట్టుకునే చోట నున్నగా అరిగి ఉంటాయి, నా దృష్టిలో అసలు ఫొటో అది.

తీసుకున్న ఫొటో ఒక కాపీ ప్రింటు వేయించి పంపండి. వాట్సాప్‌లో వచ్చింది ఫోన్‌తోపాటే పోతుంది. ప్రింటు గోడ మీద ఉంటుంది.

రేవులవెంట (విజయవాడ):

అమ్మా, చాలా చాలా ధన్యవాదాలు. నేను అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు రాదు. నల్లబడే ఆ క్షణానికి వీడియో తీసి అందులో నుంచి ఫ్రేమ్ లాగడం కన్నా వరుసగా తీసే మోడ్‌లో పెట్టి, షట్టర్ వేగం సెకనులో 500వ వంతు కన్నా వేగంగా ఉంచి, అచ్చు ఎత్తే చేతి మీదే ఫోకస్ పెడితే దొరుకుతుందనుకుంటున్నాను. మీరు ఒప్పుకుంటే పని జరిగే రోజే వచ్చి, పని ఆపకుండా తీస్తాను.

వెలుగునీడ (హైదరాబాద్):

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి నేను అవతలి వైపు నుంచి రాస్తాను. అందంగా లేని ఫొటోను ఎవరూ చూడరు. చూడకపోతే ఆ ఊరికి ఎవరూ రారు. ఫోర్ట్ కొచ్చిలో చీనావలల ఫొటోలు అన్ని కోట్ల మంది చూడబట్టే ఆ ఊళ్లో పాత ఇళ్లు నిలబడ్డాయి. హోటళ్లొచ్చాయి, మనుషులకు పనులొచ్చాయి. అక్కడ తీరం పడమటి వైపు ఉంటుంది, సాయంత్రం వలల వెనకే పొద్దు వాలుతుంది, ప్రకృతే సగం పని చేసిపెడుతుంది. మనది తూర్పు తీరం. తెల్లవారుజామున లేచే ఓపిక ఉన్నవాడికే ఆ వెలుగు. లేచి తీయండి, అందంగా తీయండి. నేనైతే కరెంటు తీగలు, ప్లాస్టిక్ సంచులు ఎడిటింగ్‌లో తీసేస్తాను. అందులో తప్పు లేదనే నా అభిప్రాయం.

రేవులవెంట (విజయవాడ):

అందం వద్దని నేను అనను. కొచ్చినే తీసుకోండి. వలల దగ్గర నిలబడ్డవాళ్లలో ఎంతమంది మట్టాంచేరి బజార్ రోడ్డు దాకా నడుస్తారు? అసలు రేవు అక్కడుంది. మిరియాల గోడౌన్లు, అల్లం ఆరబెట్టే పెద్ద పెద్ద ముంగిళ్లు, బస్తాల మీద రాతలు, వెనక తలుపు తెరిస్తే నేరుగా నీళ్లు. పొద్దున వెలుగు ఆ ఇరుకు వీధిలోకి ముక్కలు ముక్కలుగా దిగుతుంది. 1568 నాటి యూదుల ప్రార్థనా మందిరం అక్కడికి దగ్గర్లోనే. వాస్కో డ గామాను 1524లో మొదట పాతిపెట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి ఫోర్ట్ కొచ్చిలో. ఇవన్నీ కాలినడకన కలిపి తీస్తేనే కొచ్చి.

తీగల విషయంలో మాత్రం మీతో ఒప్పుకోలేను. ఇరవయ్యేళ్ల తర్వాత ఆ ఫొటో చూసేవాడికి తీగ కూడా సాక్ష్యమే. గోడ ఎప్పుడు పగిలింది, కరెంటు ఎప్పుడొచ్చింది, బోర్డు మీద ఏ దుకాణం పేరుంది, ఇవి తీసేస్తే అది ఏ ఊరి ఫొటో అయినా కావచ్చు. మీరు రెండు నిలబడే చోట్లు చూసుకోండి, ఒక అడుగు పక్కకు జరిగితే సగం తీగలు వాటంతటవే పోతాయి.

వెలుగునీడ (హైదరాబాద్):

మీ మాటకు విలువ ఇస్తాను. మూల ఫైల్ ఎటూ దాచుకుంటాను కాబట్టి, గోడ మీద పెట్టుకునే ఫొటోలో తీగలు తీసేస్తూనే ఉంటాను. మట్టాంచేరి మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

గౌతమీపాయ (యానాం):

మా వైపు రేవుల గురించి కూడా రాస్తాను. కాకినాడ నుంచి యానాం వచ్చే దారిలో తాళ్లరేవు, కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊళ్లు. బర్మా వెళ్లిన మనవాళ్లు ఎందరో ఈ తీరం నుంచే రంగూన్ ఓడ ఎక్కారు. 1789లో ఒక ఉప్పెన, 1839లో ఇంకొకటి. మళ్లీ కోరంగి లేవలేదు. నది తెచ్చిన ఒండ్రు మిగతాది పూడ్చేసింది.

ఇప్పుడు కోరంగి అంటే మడ అడవి, చెక్క వంతెన మీద సెల్ఫీలు. మడ అడవి ఫొటోలు తీయొద్దనను. నడి మధ్యాహ్నం వద్దు, పోటు పాటు వేళలు చూసుకుని వెళ్లండి. నీళ్లు తీసినప్పుడు బురదలోంచి నిటారుగా లేచిన ఊపిరి వేర్లు బయటపడతాయి, నిండుగా ఉన్నప్పుడు ఆకు నీడ తప్ప ఏమీ దొరకదు. అది చూసుకున్నాక పాయ ఒడ్డునే తిరగండి. పడవలు చెక్కే వడ్రంగులు ఎక్కడున్నారో అడగండి. పక్కటెముకల్లా నిలబెట్టిన చెక్కల మధ్య నుంచి తీస్తే ఓడ ఎలా పుట్టేదో ఒక్క ఫ్రేమ్‌లో అర్థమవుతుంది. వాళ్లు బాడిసె పట్టుకున్న చేతిని చూడండి, ముఖం తర్వాత.

మా యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్లది. వీధుల పేర్లు, చర్చి, గోదావరి గట్టు. ఒక పూటలో నడిచేయొచ్చు.

మూడుకొండలు (విశాఖపట్నం):

విశాఖ అనగానే బీచ్ రోడ్డు, కైలాసగిరి తీస్తారు. పాత ఊరు ఎవరికీ పట్టదు. హార్బర్ మొగ దగ్గర మూడు కొండలు పక్కపక్కన: ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. పెద్ద ఓడలొచ్చే పోర్టు 1933లో తెరిచారు. అంతకుముందు ఊరి బతుకంతా ఈ కొండల కిందే. కురుపాం మార్కెట్ చుట్టూ సందుల్లో పెంకుటిళ్లు, చెక్క వరండాలు ఇంకా కొన్ని ఉన్నాయి. ప్రతి ఏడూ తగ్గుతున్నాయి. నాకు బాధ కలిగించే విషయం ఇదొక్కటే, అందుకే అక్కడే తిరుగుతుంటాను.

కొత్తవాళ్లకు ఒక హెచ్చరిక. నేవీ స్థావరాలు, పోర్టు లోపలి భాగం తీయకండి, డ్రోన్ అసలు ఎగరేయకండి. ఎక్కడ ఎగరేయొచ్చో ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాపులో రంగులతో ఉంటుంది, ఏ ఊరు వెళ్లినా ముందు అది చూడండి. టెన్షన్ పడుతూ తీసిన ఫొటో బాగా రాదు కూడా.

భీమిలి వెళ్తే డచ్చి సమాధులు, గడియార స్తంభం, లైట్‌హౌస్, గోస్తనీ మొగ అన్నీ నడక దూరమే. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు అది. అక్కడి సమాధులు బందరు వాటిలా కావు, కొన్ని మొనదేలి పైకి లేచి ఉంటాయి. దూరం నుంచి, సముద్రం వైపు ఆకాశం మీదికి వచ్చేలా తీయండి.

మలాకాగాలి (మలేసియా):

నేను ఉద్యోగం కోసం మలేసియాలో ఉంటున్న గుంటూరు వాణ్ణి. వారాంతాల్లో ఇక్కడి పాత రేవు పట్టణం మలాకా వెళ్తుంటాను. ఇక్కడ కూడా సముద్రం ఊరిని వదిలి వెళ్లిపోయింది, మట్టి పోసి జరిపేశారు. పోర్చుగీసువాళ్లు 1511లో ఊరిని గెలిచాక కట్టిన కోటలో ఒక్క ద్వారం మిగిలింది. ఒకప్పుడు అలలు తగిలేంత దగ్గర, ఇప్పుడు ముందంతా రోడ్లు, దుకాణాలు.

బందరు బట్ట మలాకా మార్కెట్లోకి వచ్చింది. మన తీరం నుంచి వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్న చెట్టి కుటుంబాల వారసులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు 1781లో కట్టిన వినాయకుడి గుడి, పక్కనే మసీదు, మరో నాలుగడుగుల్లో చీనా గుడి, అన్నీ ఒకే వీధిలో. ఆ వీధి మొదట నిలబడి టెలీ లెన్స్‌తో తీస్తే మూడూ దగ్గరకు జరిగి ఒకే వరుసలో కూర్చుంటాయి. వైడ్ లెన్స్‌లో విడివిడిగా ఉండిపోతాయి. 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక జనం పెరిగారు, పొద్దున ఏడులోపు వెళ్తే వీధి మనదే.

ఎవరైనా పెడన అద్దకం ఫొటోలు తీస్తే నాకు చూపించండి. ఇటు మ్యూజియం బట్టల పక్కన పెట్టి చూడాలని ఉంది.

శాసనప్రియ (ఒంగోలు):

చీరాల దగ్గరి పాత రేవు మోటుపల్లిని ఎవరూ తలవలేదు! కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉన్న ఊరు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాగేసుకునేవారు, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోనని ఆ రాజు వర్తకులకు మాటిచ్చాడు. మార్కో పోలో రాసుకున్న రేవుల్లో ఇదీ ఉంది. వీరభద్రస్వామి గుడి మండపంలో ఆ స్తంభం ముందు నిలబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కాంతిరేఖ గారు చెప్పిన టార్చ్ పద్ధతికి ఒకటి కలుపుతాను. మన అక్షరాలు గుండ్రం కదా, ఒకే వైపు నుంచి వెలుగు పడితే ఆ వెలుగు వాలుకే ఉన్న గీతలు మాయమవుతాయి. కెమెరా కదపకుండా ఎడమ నుంచి ఒకటి, పైనుంచి ఒకటి తీయండి. రెండూ పక్కన పెట్టుకుంటే చదవడం తేలిక. పూజ వేళలో వెళ్లకండి, అర్చకుల్ని అడిగి మొదలుపెట్టండి.

చిన్నలెన్స్:

ఉప్పు గాలికి కెమెరాలు పాడవుతాయంటారు. ఎవరైనా దాని గురించి కూడా చెప్పండి, త్వరలో కొనే ఆలోచన ఉంది.

మూడుకొండలు (విశాఖపట్నం):

ఇంటికి రాగానే ముందు గాలి పంపుతో ఇసుక ఊదెయ్యండి, తర్వాత మంచినీళ్లతో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డ, ఆపైన పొడి గుడ్డ. ఈ వరుస మారితే ఇసుక గీతలు పడతాయి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తీయకండి, లెన్స్ చెమ్మగిల్లుతుంది. అరగంట సంచిలోనే ఉంచండి. బీచ్‌లో నిలబడి లెన్స్ మార్చొద్దు. మూత గట్టిగా పడే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి దాచుకోండి, మన తీరంలో లెన్స్‌కు బూజు పట్టడానికి ఒక వానాకాలం చాలు.

శాసనప్రియ (ఒంగోలు):

చివరగా ఒక విన్నపం. తీసిన ప్రతి ఫొటోకూ నాలుగు ముక్కలు రాయండి: తేదీ, ఊరు వీధి, కెమెరా ఏ దిక్కు చూస్తోంది, అక్కడివాళ్లు ఆ చోటును ఏమని పిలుస్తారు. నాలుగోది అన్నిటికన్నా విలువైనది, ఏ మ్యాపులోనూ ఉండదు. ఫొటోలు అందరూ ఉచితంగా వాడుకునే వికీమీడియా కామన్స్ సైట్‌లో పెడితే ఎవరికైనా పనికొస్తుంది. మనుషుల ముఖాలున్న ఫొటోలు మాత్రం వాళ్ల ఒప్పుదల లేకుండా పెట్టకండి.

పెడనఅచ్చు:

రేవులవెంట గారూ, ఇంట్లో అడిగాను. రమ్మన్నారు. సంక్రాంతి తర్వాత ఎండ బాగుంటుంది, కాలవలో నీళ్లు చూసుకుని రోజు చెబుతాను. ఎక్కువమంది ఒకేసారి వస్తే కాగు దగ్గర చోటు చాలదు, నలుగురైదుగురు చాలు.

రేవులవెంట (విజయవాడ):

చాలా సంతోషం అమ్మా. అయితే ఇలా అనుకుంటున్నాను. ముందురోజు రాత్రికే బందరు చేరుకుని, తెల్లవారుజామున గిలకలదిండి, ఎండ ఏటవాలుగా ఉండగానే సమాధుల దగ్గర కాసేపు, అక్కడి నుంచి పెడన. పని ఆపమని ఎవరినీ అడగం. బందరుకుర్రోడు తమ్ముడూ, నువ్వు దారి చూపించాలి. రాదలచినవాళ్లు కింద పేరు రాయండి. చిన్నలెన్స్ గారూ, మీరు మొబైల్‌తోనే రండి. టార్చ్ నేను తెస్తాను. ప్రింట్ల ఖర్చు తలా కొంత వేసుకుందాం.